డీసీ కాంటాక్టరూ, వేరే కట్టిన బొరుగులూ

పుంగనూరులో నాకు మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టు ఉంది. చౌడేపల్లె, సదుం వైపు నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోలో పడుకోబెట్టి తీసుకొస్తారు. దించగానే అందరూ ఒకటే అడుగుతారు: "బతుకుతాదా అప్పా?" బతుకుతుందనే చెబుతాను. పాత తీగ పెరికేసి కొత్త రాగి తీగ చుడితే ఏ మోటారైనా బతుకుతుంది. మనుషులకు ఆ వసతి లేదని మా నాయన అనేవాడు. ఆయన మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి జనరేటర్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి రెండు వైపులా చూసినవాడు.

కొట్టు కాక నాకు ఇంకొక పని ఉంది. కుప్పం దగ్గర ఒక చిన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో కరెంటు సంగతులు చూస్తాను. వారంలో ఒకరోజు పలమనేరులో బస్సు మారి అక్కడికి పోతాను. ప్యానెళ్ళ తలుపులు తీసి, రాతి దుమ్ము ఊది, అన్నీ ఒకసారి తట్టి చూసి, ఏమీ కాలేదని చెప్పి, టీ తాగి వస్తాను. ఏమీ కాకుండా చూడటమే నా పని గనుక నేను చేసింది ఎవరికీ కనపడదు. మా ఇంట్లో కూడా కనపడదు.

ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ముసలిది క్రేను. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంది. క్వారీ నుంచి లారీలో వచ్చిన రాతి దిమ్మెను ఎత్తి కోత మిషన్ మీద పెట్టడం దాని ఉద్యోగం. కర్ణాటక వైపు బంగారు గనులు మూతపడ్డాక, ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన దాన్ని వేలంలో కొన్నాడు. దాంతోపాటు దాన్ని నడిపే మనిషి కూడా వచ్చాడు. ఆయనను వేలంలో ఎవరూ పాడలేదు. ఆయన కుప్పం పక్క పల్లెవాడే. పాసింజరు రైల్లో పోయి గనుల వర్క్‌షాపులో అదే క్రేను నడిపేవాడు. క్రేను ముక్కలు లారీ ఎక్కుతుంటే, విప్పినవాళ్ళకు మళ్ళీ బిగించడం రాదని చెప్పి తనూ ఎక్కాడు. బిగించడం అయిపోయాక ఎవరూ పొమ్మనలేదు, ఆయనా పోలేదు. తర్వాత పెద్దాయన కాలం చేశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ కొడుకు చూసుకుంటున్నాడు. క్రేనూ, దాని డ్రైవరూ మాత్రం మారలేదు.

నేను ఆ డ్రైవరును మామా అంటాను. మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను క్రైస్తవుణ్ణి, ఆయన చెనక్కాయలు పండించే రైతుల కుటుంబం. అయినా మా వైపు ఒకరినొకరు ఏదో ఒక వరసతో పిలుచుకోకపోతే పని కదలదు.

క్రేనుకు ఒక మూల రేకు గది వేలాడుతుంటుంది. ఇనుప నిచ్చెన ఎక్కి అందులో కూర్చుంటే షెడ్డంతా కాళ్ళ కింద ఉంటుంది. మామ పొద్దున ఎక్కితే అన్నానికి దిగుతాడు, మళ్ళీ ఎక్కితే సాయంత్రం దిగుతాడు. ఆయన మోకాలు ఒకటి వంగదు. అదే కాలితో నిచ్చెన ఎట్లా ఎక్కుతావని ఒకసారి అడిగాను. "ఎక్కేదానికి ఒప్పుకుంటాది. కింద కుర్సీలో కూసునేదానికే ఒప్పుకోదు" అన్నాడు.

ఇక కాంటాక్టర్ సంగతి. ఆ క్రేను మోటారు డీసీ కరెంటుతో నడుస్తుంది. మన ఇళ్ళకు వచ్చేది ఏసీ. అది క్షణక్షణానికీ తనంతట తనే సున్నాకు వచ్చి పోతుంటుంది కాబట్టి స్విచ్చి తీస్తే మారుమాట లేకుండా ఆగిపోతుంది. డీసీ అట్లా కాదు. పోయొస్తానని లేచి, గడప దగ్గర నిలబడి ఇంకో గంట మాట్లాడే చుట్టం లాంటిది. స్విచ్చి తెరిచినా రెండు పాయింట్ల మధ్య మంటగా నిలబడి పోనంటుంది. దాన్ని సాగనంపడానికే డీసీ కాంటాక్టర్ ఉంటుంది. చెప్పాలంటే అదొక పెద్ద స్విచ్చి. లోపలి కాయిల్ అయస్కాంతంగా మారి పాయింట్లను టక్కుమని కలుపుతుంది, కరెంటు తీస్తే టక్కుమని వదిలేస్తుంది. పాయింట్ల చుట్టూ ఒక గూడు ఉంటుంది. అది ఆ మంటను లోపలికి లాగి, ముక్కలు చేసి, ఆర్పేస్తుంది. మా క్రేనులో దిమ్మెను ఎత్తడానికీ దించడానికీ ఉన్న కాంటాక్టర్ గనుల కాలంనాటిది. దాని పాయింట్లు నేను ఏడాదికేడాది ఆకురాయితో రుద్దుతూ వచ్చాను. రుద్దితే బాగుపడతాయి, అరుగుతాయి కూడా. రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఒకరోజు దిమ్మె కిందికి దిగుతుండగా మామ ఆపడానికి హ్యాండిల్ వెనక్కి తిప్పాడు. దిమ్మె ఆగలేదు. పాయింట్లు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన రేకు గదిలో ఉన్న అత్యవసర స్విచ్చి లాగేస్తే బ్రేకు పడి ఆగింది. కింద మనుషులెవరూ లేరు. అక్కడ పడుకున్న కుక్క ఒకటి లేచి, కొంచెం అవతల పడుకుంది.

నాకు ఫోన్ వచ్చింది. పోయి విప్పి చూస్తే ఒక పాయింటు సగం లేదు, రెండోది ఉన్నా లెక్కలోకి రాదు. గూడు నిలువునా పగిలింది. రుద్దడానికి ఇక లోహం మిగల్లేదు.

ఓనరు కుర్రవాడు మంచివాడే. అరవలేదు. క్రేను కింద నిలబడి పైకి చూసి, "అన్నా, ఇంగ దీన్ని ఇడ్సిపెడదాం. కొత్తది రిమోటుతో వస్తాది. కింద నిలబడి బటను నొక్కితే సాలు" అన్నాడు. పైన రేకు గది ఉండదా అని అడిగాను. ఉండదన్నాడు. మరి మామ సంగతేమిటన్నాను. "గేటు కాడ కుర్సీ ఏస్తాం. వాచ్‌మన్‌గా ఉంటాడు. ముసిలోడైనాడు, యాల ఎక్కేది దిగేది?" అన్నాడు. అతను దయగానే అన్నాడు. చివరికి నా ముఖం చూసి గడువిచ్చాడు: "ఆయుధపూజ కానీ. అందాక బాడుగ క్రేనుతో ఎట్లనో నడుపుతాం. అంతలోపల నీకు కాంటాక్టరు దొరికితే సూద్దాం. లేదంటే పూజ అయిపోతానే కొత్తదానికి ఆర్డరిస్తా."

మామ ఇదంతా విన్నాడు. నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. మామూలుగా రాడు. బస్సు దూరంగా కనపడ్డాక అన్నాడు: "అప్పా, ఒగసారి గేటు మూస్తే సూసినా. గనుల కాడ. ఇంగొగసారి కింద నిలబడి సూడలేను. యాడన్నా దొరుకుతాదేమో సూడు." బస్సు ఎక్కాక నాకు కిటికీ దగ్గర సీటు దొరికింది కానీ వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆ మనిషికి ఆ రేకు గది తప్ప వేరే ఎత్తు లేదని నాకు తెలుసు. అది తీసేసి కుర్చీ వేస్తారట. వాళ్ళ దయ నాకు కోపం తెప్పించింది.

మొదట పుంగనూరులో నా కొట్టులో ఉన్న సామానుతోనే ప్రయత్నం చేశాను. మూడు జతల పాయింట్లున్న ఏసీ కాంటాక్టర్ తీసుకుని, మూడింటినీ వరసగా కలిపితే డీసీకి సరిపోతుందని మా వృత్తిలో ఒక నమ్మకం ఉంది. చిన్న మోటార్లకు అది నిజమే. దాన్ని తీసుకెళ్ళి, కొక్కేనికి ఏమీ తగిలించకుండా నడిపి చూశాం. ఒక మధ్యాహ్నమంతా గుర్రుగుర్రుమని మూలిగి, టీ టైముకు పొగ వదిలి నిలిచిపోయింది. మామ పైనుంచి, "అది సిన్నపిల్ల అప్పా, మూట మోయలేదు" అన్నాడు.

తర్వాత మదనపల్లె పోయాను. టమోటా మండీ దాటాక ఒక పాత సామాను కొట్టు ఉంది. ఎప్పుడో మూసేసిన మిల్లుల ప్యానెళ్ళు అక్కడికి చేరతాయని విన్నాను. కొట్టాయన నా మాట పూర్తి కాకముందే, "కాంటాక్టర్లు కదా, ఉండాయి, రాప్పా" అని లోపలికి తీసుకెళ్ళాడు. నిజంగానే ఉన్నాయి. గుట్టగా ఉన్నాయి. నా గుండె ఒకసారి పైకి లేచి కూర్చుంది. ఒక్కొక్కటీ తీసి చూస్తే ఒక్కదానికీ పాయింట్లు లేవు. పళ్ళు పీకేసిన నోళ్ళలా ఉన్నాయి.

"పాయింట్లేవి?" అన్నాను.

"వాటి మీద ఎండి ఉంటాది కదప్పా. ఎండి రేటు ఎట్లుండాదో తెలుసునా నీకు? వస్తానే పీకేస్తాం" అన్నాడు. వెండి సంగతి అయ్యాక, "అవి లేకుండా పనికిరాదా?" అని అడిగాడు.

"పండ్లు పీకేసి సెరుకు తినమంటే ఎట్ల తింటాది?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. నాకు కుర్చీ వేసి, ఎవరిదో పాత టేబుల్ ఫ్యాను చూపించి కొంటావా అన్నాడు.

బెంగళూరు పోయాను. అక్కడి కొట్లవాళ్ళందరి దగ్గరా డీసీ కాంటాక్టర్లు ఉన్నాయి. అన్నీ సోలారు వాటివి, బ్యాటరీ బండ్లవి. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవి, ముట్టుకుంటే మురికవుతుందనేలా తెల్లగా ఉన్నాయి. మాది చూపిస్తే ఒక కొట్టువాడు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, బరువుకు మర్యాదిచ్చి, జాగ్రత్తగా కింద పెట్టాడు. ఇట్లాంటివి కావాలంటే చేయించుకోవాలట. చేయించేవాళ్ళకు ఫోన్ చేస్తే, ఎన్ని వందలు కావాలని అడిగారు. ఒకటి అన్నాను. ఒక వందనా అన్నారు. కాదు, ఒకటే అన్నాను. తర్వాత వాళ్ళకు నా మాట వినపడలేదు.

ఒక దళారీ దాని ఫోటో పంపమన్నాడు. మా టేబుల్ మీద పెట్టి, పక్కన కొలత తెలియడానికి మా ఆవిడ గాజొకటి పెట్టి, ఫోటో తీసి పంపాను. ఆయన దండం పెట్టే బొమ్మ పంపాడు. కొన్నాళ్ళకు కోయంబత్తూరు నుంచి ఎవరో తెలియనాయన నా ఫోన్‌కు ఒక ఫోటో పంపాడు. కింద, "ఈ సామాను మీ దగ్గర ఉందా? పార్టీకి అర్జెంటు" అని ఉంది. ఫోటోలో మా టేబుల్, మా ఆవిడ గాజు ఉన్నాయి. ఆ పార్టీని నేనేనని ఆయనకు చెప్పలేదు. అంతదూరం తిరిగి వచ్చిన ఫోటోను చిన్నబుచ్చడం ఎందుకనిపించింది. లేదని మాత్రం రాశాను.

మా ఆవిడకు నా అవస్థ కన్నా మామ సంగతి మనసుకు పట్టింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది, ఒక పెద్దాయన ఉద్యోగం నిలబడాలని, అందుకు కావలసిన ఒక యంత్రభాగం దొరకాలని. జ్వరాలు, పరీక్షలు, పెళ్ళి సంబంధాల మధ్య పాస్టరయ్యగారు దాన్ని కూడా చదివి, "ప్రభువా, ఆ యంత్రభాగం ఎక్కడ ఉన్నదో నీకు మరుగై లేదు" అని ప్రార్థించారు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. పక్కవాళ్ళు తిరిగి చూశారు.

ఆయుధపూజ వచ్చేసింది. నా చేతిలో ఏమీ లేదు.

ఆ ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఎట్లా జరుగుతుందో, అందులో నా చోటు ఎక్కడో ఇక్కడ చెప్పాలి. కోత మిషన్లు, మోటార్లు, లారీ, ఆఫీసులో కంప్యూటరు, అన్నీ కడిగి పసుపు, కుంకుమ పెడతారు. నా టెస్టర్‌కు కూడా పెడతారు, కాకపోతే ముందు నన్ను అడుగుతారు. నాకేం అభ్యంతరం లేదంటాను. టెస్టర్ ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. తర్వాత అందరూ ఆఫీసు గదిలోకి పోతారు. అక్కడ గోడకు దేవుళ్ళ పటాల అర ఉంది. ఓనరు వాళ్ళమ్మ ఇంటి నుంచి వచ్చి హారతి ఇస్తుంది. ఆ హారతి సమయంలో నేను బయట వేపచెట్టు కింద ఉంటాను. నన్ను ఎవరూ రావద్దనలేదు, నేనూ రానని చెప్పలేదు. మొదటి ఏడాది బయట నిలబడ్డాను, అదే పద్ధతి అయిపోయింది. నా మనసు నొప్పించకూడదని వాళ్ళు పిలవరు. వాళ్ళ పూజకు అడ్డం రాకూడదని నేను పోను. రెండు వైపులా మర్యాద అంత గట్టిగా ఉంది.

పూజ అయ్యాక బొరుగులు, పప్పులు, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి అందరికీ పంచుతారు. దేవుడి ముందు పెట్టినవి మా ఇళ్ళలో తినరని మామకు ఎవరు చెప్పారో తెలియదు. మొదటి ఏడాది నుంచే, పూజకు పెట్టకముందే సంచిలోంచి నాకు వేరే తీసి, కాగితంలో పొట్లం కట్టి ఉంచేవాడు. "ఇది ముందే తీసినా అప్పా. నీది వేరే" అని చేతిలో పెట్టేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

ఈసారి ఆ పూట వాన పట్టుకుంది. నేను కొత్త క్రేను సంగతి వినడానికే పోయినట్టు పోయి, అలవాటు కొద్దీ వేపచెట్టు కింద నిలబడ్డాను. ఆకుల్లోంచి నీళ్ళు నేరుగా నా మెడ మీద పడుతున్నాయి. ఓనరు వాళ్ళమ్మ కిటికీలోంచి చూసింది. "ఏమప్పా, అట్ల తడుస్తాండావు? లోపలికి రా. దండం పెట్టొద్దులే, ఊరికే నిలబడు" అంది. అంత వివరంగా పిలిచాక పోకపోతే బాగుండదు. పోయి తలుపు పక్కన నిలబడ్డాను.

అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. నేను దండం పెట్టడం లేదు కాబట్టి కళ్ళు మూసుకోలేదు. చూడటానికి ఆ గదిలో పటాల అర తప్ప ఏమీ లేదు, దాన్నే చూస్తూ నిలబడ్డాను. వెంకటేశ్వరస్వామి, పక్కన లక్ష్మి, వినాయకుడు, ఆ పక్కన చామంతి దండ వేసిన ఒక నల్లటి విగ్రహం. దానికి ముఖం లేదు. గంధం, కుంకుమ, విభూతి ఏళ్ళ తరబడి పేరుకుని మందమైన తొడుగులా ఉన్నాయి. ఏ దేవుడో అనుకున్నాను. నాకు అన్ని దేవుళ్ళూ తెలియవు. తర్వాత ఆ దేవుడి భుజం దగ్గర రెండు బోల్టులు కనపడ్డాయి. బోల్టుల కింద, దండ జరిగిన చోట, గూడు అంచు కనపడింది.

హారతి అయ్యేదాకా ఆగాను. అది నా జీవితంలో నేను చేసిన అత్యంత కష్టమైన పనుల్లో ఒకటి. మామ పక్కకు పోయి చెవిలో అడిగాను: "మామా, ఆ కొసన ఉండే సామి ఎవరు?"

"అదా? పెద్దాయన పెట్టినాడు. క్రేను లారీ దిగిన దినం మొదుట దిగిన సామానును సామి కాడ పెట్టాలన్నాడు. మొదుట గోనెసంచిలో చుట్టిందొగటి ఉండె. నేనే తెచ్చి ఈడ పెట్టినా."

"అది ఏందో సూసినావా?"

"అప్పుడు యాడ సూసేది? పని తొందర. తర్వాత సామి అయిపోయె."

"ఇన్నేండ్లు దాని ముందర నిలబడినావు కదా మామా!"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దండం పెట్టుకునేటప్పుడు కండ్లు మూసుకుంటాం కదప్పా" అన్నాడు.

చూసినవాళ్ళకు అది ఏమిటో తెలియదు, తెలిసినవాణ్ణి నేను చెట్టు కింద ఉన్నాను. గనులవాళ్ళు క్రేనుతో పాటు ఇచ్చిన స్పేరు కాంటాక్టర్, ప్యానెల్‌కు గోడ అవతల, చామంతి దండ వేసుకుని కూర్చుని ఉంది. నేను బెంగళూరు పోయి దాన్ని అడిగాను. సంగతి చెప్పగానే ఓనరు వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "సంకలో బిడ్డను పెట్టుకోని ఊరంతా ఎతికినట్ల ఉండాది కదా నీ కత!" అంది.

అయితే దొరకడం వేరు, చేతికి రావడం వేరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఓనరు వెనకాడాడు. పూజలో ఉన్నదాన్ని పండగపూట కదిలిస్తారా అన్నాడు. అతని వెనక నిలబడ్డవాళ్ళు కూడా గొణిగారు. వాళ్ళమ్మకు పట్టింపు కన్నా ఇంకో చిక్కు ఉంది. "దాన్ని తీస్తే ఆ జాగా బోసిగా ఉంటాది. మా ఆయన సేతుల మీద పెట్టింది. ఉత్త జాగాకు ఎట్ల దండం పెట్టేది?" అని అడిగింది. నిజమైన ప్రశ్నే.

నాకు ఆ క్షణాన ఏం తోచిందో అదే చెప్పాను. "పాతదాన్ని ఈడ పెడదాం అమ్మా. రెండూ ఒకే ఇంటివే. ఇది కూసుని తినింది, అది పని చేసి కాలిపోయింది."

ఆమె మామ వైపు చూసింది. ఆయన గోడకు ఆనుకుని, వంగని కాలు ముందుకు చాపి నిలబడి ఉన్నాడు. "పని సేసి కాలిపోయినదానికి దండం పెడితే తప్పేముండాది?" అని, ఆమె తనే లేచి దండ తీసింది.

కిరోసిన్‌తో కడిగితే అది ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత నల్లగా కారింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. కుంకుమ పొరల కింద నుంచి అచ్చం మా పాతదాని లాంటిదే బయటపడింది. గూడు విప్పితే పాయింట్లు మెరుస్తున్నాయి. ఒక్కసారి కూడా మంట చూడని పాయింట్లు. తర్వాత కాయిల్‌కు మీటరు పెట్టాను. చచ్చిపోయి ఉంది. ప్రతి శుక్రవారం నీళ్ళు చల్లారు, పండగలకు పాలు పోశారు. అభిషేకానికి తట్టుకునేలా ఏ కాయిలూ చుట్టరు. మామ నా ముఖమే చూస్తున్నాడు. రైతులు ఆటోలోంచి మోటారు దించి చూసే చూపే అది.

"బతుకుతాదా అప్పా?" అన్నాడు.

పాతదానికి పాయింట్లు, గూడు పోయాయి గానీ కాయిల్ బాగుంది. దీనికి కాయిల్ పోయింది, పాయింట్లు, గూడు బాగున్నాయి. రెండింటినీ విప్పి ఒకటి బిగించాను. సగం పనిచేసినది, సగం పూజలందుకున్నది. మిగిలిన రెండు సగాలను కలిపి బిగించి ఇస్తే ఓనరు వాళ్ళమ్మ బొట్టు పెట్టి అరలో పెట్టింది. ఎవరికీ తేడా కనపడలేదు.

ఆ ఆదివారం చర్చిలో మా ఆవిడ లేచి సాక్ష్యం చెప్పింది, ప్రార్థించిన యంత్రభాగం దొరికిందని. ఎక్కడ దొరికిందని పాస్టరయ్యగారు సంతోషంగా నన్ను అడిగారు. "ఆఫీసులోనే ఉండిందయ్యగారూ" అన్నాను. అంతకు మించి అడగలేదు, నేనూ చెప్పలేదు. దేవునికి మరుగై లేదన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

పండగ సాయంత్రానికి వద్దాం. కాంటాక్టర్ ప్యానెల్‌లో కూర్చుంది గానీ పరీక్ష మిగిలింది. మామూలు బండ్లకు ఆయుధపూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. క్రేను చక్రాలు కప్పు దగ్గర ఉంటాయి గనుక అక్కడ వేరే పద్ధతి. నేల మీద ఒక నిమ్మకాయ పెడతారు. క్రేను ఒక రాతి దిమ్మెను దాని మీదికి దించాలి. కాయ పగిలి రసం చిమ్మగానే దిమ్మె ఆగాలి. నేలకు తగిలితే ఆ ఏడాది బాగుండదంటారు. అందరూ దూరంగా గోడల పక్కకు జరిగారు. నేను ప్యానెల్ దగ్గర, మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ఓనరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కుక్క తనంతట తనే బయటికి పోయింది.

మామ నిచ్చెన ఎక్కాడు. పైన రేకు గదిలో ఆయన తల మాత్రం కనపడుతోంది. దిమ్మె లేచింది. టక్. ఆగింది. టక్. దిగడం మొదలుపెట్టింది. టక్, ఆగింది. ప్రతిసారీ గూడులో చిన్న నీలం వెలుగు పుట్టి అక్కడే చచ్చిపోతోంది. మోకాలెత్తు దాకా వచ్చింది, జానెడు దాకా వచ్చింది. నేను ప్రార్థన చేశాను. అక్కడ ఉన్నవాళ్ళంతా ఏదో ఒకటి చేసే ఉంటారు. తర్వాత రెండు చిన్న టక్కులు వినపడ్డాయి, నిమ్మరసం చిమ్మి ఓనరు ప్యాంటు మీద పడింది. దిమ్మె ఆగింది. ఓనరు పోయి వంగి చూశాడు. పగిలిన కాయ మీద రాయి ఆగి ఉంది, నేలకు తగల్లేదు. కిందినుంచి వేలు పెట్టి కూడా చూశాడు.

లేచి ప్యాంటు దులుపుకుని, "కొత్తది ఉగాదికి సూద్దాంలే" అన్నాడు. మా వైపు ఉగాదికి చూద్దామంటే ఏ ఉగాదికో చెప్పరు. ఇకపై నెలనెలా గూడు విప్పి చూడమని నాకు చెప్పి, వాళ్ళమ్మను కారెక్కించడానికి పోయాడు. ఆ తర్వాత ఎవరూ గేటు దగ్గర కుర్చీ మాట ఎత్తలేదు.

మామ చాలాసేపు దిగలేదు. పైన ఏం చేస్తున్నాడో నాకు కనపడలేదు, నేనూ పైకి చూడలేదు. చివరికి నిచ్చెన మీద వంగని కాలు ముందు, వంగే కాలు వెనక పెట్టి నిదానంగా దిగాడు. నడుము దగ్గర చొక్కాలో ఏదో ఉబ్బెత్తుగా ఉంది. నా దగ్గరికి వచ్చి తీశాడు. కాగితం పొట్లం. పొద్దున హడావిడిలో నాకివ్వడానికి కుదరలేదట, పైన గదిలో తగిలించి పెట్టాడట.

"పూజకు ముందే తీసినా అప్పా. నీది వేరే" అన్నాడు.

ఆ పొద్దున ఆయన లెక్కలో అదే ఆఖరి పూజ. మర్నాటి నుంచి గేటు దగ్గర కుర్చీ. అది తెలిసి కూడా సంచి విప్పి, ముందుగా నా వంతు తీసి, వేరే కట్టి, దాంతోనే ఆ గదిలోకి ఆఖరిసారి ఎక్కుతున్నాననుకుని ఎక్కాడు. నాకు ఏడుపొచ్చింది. షెడ్డులోకి ఇంకా వాన జల్లు కొడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఏదో ఒకటి అనాలి గనుక, "ఈ తూరి నేను లోపలికొచ్చినా కదా మామా, ఇంగ యాల వేరే?" అన్నాను.

"నువ్వొస్తావని పొద్దున నాకేం తెలుసు?" అన్నాడు. "తినప్పా. వానకు మెత్తబడినాయి."